బిక్షమ్మ నీళ్ల వంతు

చెన్నయ్య మంచివాడు. ఈ మాట ముందే చెప్పేయాలి, లేకపోతే అతన్ని దుర్మార్గుడని అనుకుంటారు. దొర గడీకి తాళం వేసి హైదరాబాదుకు పారిపోయేదాకా పల్లేరుగూడెంలో ఎదురు నిలబడ్డవాడు అతనే. ఆ పంతంలో దొర మనుషుల చేతుల్లో దెబ్బలు తిని భుజం ఎముక విరగ్గొట్టుకున్నాడు. తరువాత వెట్టి మాన్పించాడు, బంజరూ, దొర మాగాణీ పంచిపెట్టాడు. ఎవరైనా అలవాటు కొద్దీ దొరా అని పిలిస్తే కస్సుమనేవాడు. దొర పోయాక జనం పెట్టుకున్న సంఘానికి పెద్ద ఎవరని అడిగితే ఊరూ, వాడా, గొల్లగూడెమూ మూడూ అతని పేరే చెప్పాయి. ఏ చోటి తగాదా ఆ చోటే తేల్చుకోవాలి, చెరువు మాత్రం మూడింటికీ ఉమ్మడి అని ఏర్పాటు చేసింది కూడా అతనే.

అలాంటి చెన్నయ్య నలభై ఎనిమిదో సంవత్సరం మాఘమాసంలో ఒక పొద్దున బిక్షమ్మ పొలానికి నీళ్లు ఆపేశాడు.

బిక్షమ్మ అంటరానివాళ్లుండే వాడ మనిషి. మొగుడు పోయి ఆరేళ్లు. ఊరివాళ్ల మడుల్లో ముప్పై ఏళ్లు నాట్లు వేసింది గానీ, తనదని చెప్పుకోవడానికి పిడికెడు మన్ను లేకపోయింది. సంఘం పంచిన ఇరవై గుంటల తరి మడిలో మొదటిసారి తన నాటు తానే వేసుకున్న రోజు ఆమెకు నడుం నొప్పే తెలియలేదు. గట్టు మీద కూర్చుని చాలాసేపు ఊరికే ఆ పచ్చదనాన్ని చూస్తూ ఉండిపోయింది.

చెరువు తూము దగ్గర నీళ్లు వదిలే నీరటి లింగస్వామి నీళ్లకుండలో చిన్న చిల్లున్న గిన్నె వదులుతాడు. అది నిండి మునిగితే ఒక గడియ. ఎనిమిది రోజులకొకసారి బిక్షమ్మకు నాలుగు గడియల నీళ్లు. ఆ రోజు నాలుగో గడియ అయిందని లింగస్వామి కేక వేశాడు. బిక్షమ్మ విన్నది. వినీ గండి మూయలేదు. పడమటి మూల ఇంకా తడవలేదు, అక్కడ నేల నెర్రెలు విచ్చి ఉంది. ఇంకాస్త, ఇంకాస్త అనుకుంటూ అర గడియ నిలబడిపోయింది. ఆమె తరువాత వంతు ఎవరిదో కాదు, చెన్నయ్యదే.

చెన్నయ్య వచ్చి ఆమె చేతిలోని పార లాక్కుని గండి మూసేశాడు.

"నీళ్లు దొంగతనం జేస్తే గంతే. కోతల దాక నీకు బంద్," అన్నాడు.

అతనికి ఆమె మీద పగ లేదు. న్యాయమే చేస్తున్నాననుకున్నాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. పది రోజులు నీళ్లు లేకపోతే వరి ఎండుతుంది. ఎండబెట్టిన పొలం సంఘం కట్టుబాటు ప్రకారం ఇంకొకరికి పోతుంది. బిక్షమ్మకు దక్కిన ఇరవై గుంటలూ పోయినట్టే.

మరునాడు గడీ ముందరి జాగాలో సంఘం కూడింది. బిక్షమ్మ కొంగు బిగించుకుని లేచి నిలబడింది.

"అర గడియ ఎక్కువ పెట్టుకున్న. లేదంటలేను," అంది. "గని అన్నా, కట్టుబాటు చెప్పింది నువ్వే, నన్ను పట్టింది నువ్వే, శిక్ష ఏసింది నువ్వే. పోయిన నీళ్లు సుత నీయే. దొర ఇంతకన్న ఏం జేసిండు?"

చెన్నయ్య ముఖం మాడిపోయింది.

"నన్ను దొరతోటి కలుపుతవా? నేను ఎన్నడన్న ఎవరిదన్న ఒక్క గింజ తిన్ననా?"

"తినలే. నువ్వు మంచోనివి. రేపు నీ జాగల కూసునేటోడు ఎసొంటోడో నాకేమెరుక?"

బిక్షమ్మ అక్కడితో ఆపలేదు.

"మా వాడల యాటను కోస్తే కోసేటోడు ఒకడు. కూర పోగులేసేటోడు ఇంకొకడు. ఏ పోగు ఎవరికో పేరు పిలిచేటోడు మూడోవాడు. వాడు పోగుల దిక్కు వీపు పెట్టి కూసుంటడు. పోగులేసినోడే పేర్లు పిలిస్తే కండ ఎవరి గిన్నెల, బొక్కలు ఎవరి గిన్నెల పడతయో అందరికెరుకే. ఒక్క యాటకు ముగ్గురు గావాలె. గింత చెరువుకు ఒక్కడు సాలుతడా?"

వెనక నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ముందు వరుస దాకా పాకింది. గొల్లగూడెం పెద్ద కురుమయ్య తలపాగా సర్దుకున్నాడు.

"మా తాన సుత గట్లనే పంచుకుంటం. ఆడామె మాట నిజమే. కట్టుబాట్లు సంఘమంత కూసొని జెయ్యాలె. నడిపిచ్చేది చెన్నయ్య. తప్పొప్పులు తేల్చేటందుకు వేరే మనుషులు, మూడు జాగల నుంచి ఒక్కొక్కరు. వాళ్ల మీద చెన్నయ్య మాట నడువద్దు."

ఆ నెలలోనే ఢిల్లీలో పెద్ద చదువులవాళ్లు దేశం మొత్తానికి ఇలాంటి ఏర్పాటే రాజ్యాంగమని కాగితాల మీద రాస్తున్నారు. నిజాం రాజ్యంలో మూలకున్న పల్లేరుగూడేనికి ఆ కబురు తెలియదు. వీళ్లకు యాట మాంసం పోగులే దారి చూపించాయి.

చెన్నయ్య చివరికి, "సరే, గట్లనే గానీ," అన్నాడు. మనసొప్పి అన్నాడని చెప్పలేం గానీ, అన్నాడు.

ఊరి నుంచి రామచంద్రాన్ని ఎన్నుకున్నారు. గొల్లగూడెం నుంచి కురుమయ్యనే. వాడవాళ్లు గుసగుసలాడుకుని సుక్కమ్మ పేరు చెప్పారు. ఒక కోడిపెట్ట తగాదాలో ఆమెకూ బిక్షమ్మకూ నాలుగేళ్లుగా మాటల్లేవు. నోరు జారి తన పొలాన్ని తానే పోగొట్టుకున్నానని బిక్షమ్మ నాలుక కరుచుకుంది.

"సుక్కమ్మ మీద నీకేమన్న పేచీనా?" అని కురుమయ్య అడిగాడు.

ఉందంటే ఆమెను మార్చేవాళ్లే. కానీ తనకు నచ్చినవాళ్లనే కూర్చోబెట్టుకుంటే అది తీర్పు అవుతుందా? బిక్షమ్మ పంటి బిగువున, "లేదు," అంది.

సుక్కమ్మ ఆమె వైపు కన్నెత్తి కూడా చూడలేదు. లింగస్వామిని అడిగి అర గడియేనని తేల్చుకుంది. తరువాత చెన్నయ్య వైపు తిరిగింది.

"నీళ్లు ఎక్కువ పెట్టుకుంటే కోతల దాక బంద్ అని సంఘం ఎన్నడు జెప్పింది?"

"చెప్పలే. గప్పుడు నేనే అన్న."

"నువ్వు అన్నంక ఆమె తప్పు జేసిందా, ఆమె తప్పు జేసినంక నువ్వు అన్నవా?"

చెన్నయ్య అబద్ధమాడే మనిషి కాదు. "తప్పు జేసినంకనే," అన్నాడు.

ముగ్గురూ పక్కకు వెళ్లి మాట్లాడుకుని వచ్చారు. సుక్కమ్మే చెప్పింది. "చెప్పని శిక్ష చెల్లదు. నీళ్లు బంద్ లేదు. తీసుకున్న అర గడియ మాత్రం వచ్చే వంతుల చెన్నయ్యకు తిరిగియ్యాలె."

బిక్షమ్మ అక్కడే కూలబడి ఏడ్చేసింది. సంతోషంతో వచ్చిన ఏడుపు ఒక పట్టాన ఆగలేదు.

వచ్చే వంతు రోజున లింగస్వామి కేక కోసం ఆమె చెవులు రిక్కించుకుని ఉంది. మూడున్నర గడియలు అనగానే పార తీసుకుని గండికి మన్ను ఎత్తింది. పడమటి మూల ఈసారీ ఎండుగానే ఉంది. గట్టు మీద తన వంతు కోసం నిలబడ్డ చెన్నయ్య అది చూశాడు.

"బిక్షమ్మా, మూల తడువలే. జర పారనీ. నేనే ఇడిచిపెడుతున్న గద."

"ఇడిచిపెట్టుడు నీ చేతుల లేదన్నా," అంటూ ఆమె ఇంకో పార మన్ను వేసింది. "బంద్ జేసుడు సుత లేదు. వాగుల నీళ్ల చెలిమె ఉన్నది, కడవతోటి మోసుకుంట."

ఆ మాట గుచ్చుకుందని చెన్నయ్య ముఖమే చెప్పింది. అయినా తలపాగా విప్పి నెత్తికి చుట్టకుదురు చేసుకున్నాడు.

"నీళ్లు మోసుడన్న నా చేతుల ఉన్నదా?"

గట్టు మీదున్న ఆమె కడవ ఎత్తుకుని వాగు దిక్కు నడిచాడు. వాడ మనిషి కడవను ఊరి మనిషి ముట్టుకోవడం పల్లేరుగూడెంలో అంతవరకు ఎవరూ చూడలేదు.