వరుసలో పదకొండు మంది

పొయ్యి చల్లారకముందే కాంట్రాక్టరు మనుషులు దాన్ని తాళ్లతో కట్టి లారీకెక్కించారు. లోపల రొట్టెలు సగమే కాలాయి. పదకొండు మంది పిల్లలు పిండి చేతులతో గోడవారన నిలబడి చూశారు.

పిల్లలని ఊరు అనడమే గాని, అందరికీ పదిహేడు, పద్దెనిమిదేళ్లు. ఏదైనా నేర్చుకోవడానికి అందరికంటే ఎక్కువ కాలం పట్టేవాళ్ల కోసం కలేతా ఓర్మెన్యో రేవులో ఉన్న బడి అదొక్కటే. అక్కడే రొట్టెలు కాల్చి శనివారం సంతలో అమ్మేవాళ్లు. ఆ వంటగది పోతే వాళ్లకిక మిగిలేది ఇంట్లో కిటికీ పక్కన కుర్చీ. మేయరు ఆ వంటగదిని భోజనాల కాంట్రాక్టరుకు రాసిచ్చేశాడు.

ఎవరిచ్చారీ హక్కు అని టీచరు నెల్దా అడిగితే, పోయి మునిసిపాలిటీలో అడుక్కోమన్నాడు కాంట్రాక్టరు మేస్త్రీ. నెల రోజులు ఆమె ఒక్కతే ఆ ఆఫీసు చుట్టూ తిరిగింది.

గురువారం బయటి పాఠం. బస్సెక్కడం, రోడ్డు దాటడం, కౌంటరు దగ్గర మాట్లాడడం ఆ రోజే నేర్పుతారు. ఈ వారం పాఠం మునిసిపాలిటీలోనే అంది నెల్దా. తల్లులు వాదించుకున్నారు. జనం నవ్వుతారని ఒకరు, ఇంట్లో ఏడ్చేకంటే అక్కడ నవ్వులపాలైనా నయమని ఇంకొకరు. చివరికి పంపారు.

మునిసిపాలిటీ ఆఫీసులో అందరిలో పెద్దది యాస్నా మిషన్‌లోంచి చీటీ లాగింది. అరవై రెండు. వరుసగా కూర్చున్నారు. చీటీ తీసుకోవాలి, కూర్చోవాలి, నంబరు పిలిచేదాకా లేవకూడదు. నెల్దా మూడేళ్లు నేర్పిన పాఠమది.

యాభై ఎనిమిది దగ్గర నంబర్లు చూపే తెర ఆగిపోయింది. అధికారి ఇతుర్రా వచ్చి సోమవారం రమ్మన్నాడు. నెల రోజులుగా అదే మాట. పేదవాడి సోమవారం ఏ వారంలోనూ రాదు. వరుస కదలకపోయేసరికి పోలీసులకు కబురెళ్లింది.

నెల్దా పిల్లల్లో ఒకడైన మైకోల్ వైపు చూసింది. వాణ్ని పరాయి చెయ్యి తాకితే చాలు, నేల మీద పడి కేకలు పెడతాడు.

"లేవండి, ఇంటికి పోదాం."

ఎవరూ లేవలేదు.

"నంబరు పిలవలేదత్తా," అంది యాస్నా. వాళ్లకు టీచరంటే అత్తే.

"పిలవరే తల్లీ. వాళ్లు పిలవరు."

"పిలిచేదాకా లేవొద్దన్నావుగా."

పిలవకపోతే ఏం చెయ్యాలో నెల్దా ఏనాడూ నేర్పలేదు. ఆమెకూ తెలీదు.

పోలీసులు వచ్చారు. ఇతుర్రా వేలు చూపించాడు. "వీళ్లకేం తెలుసండీ? ఎగదోసేది ఈవిడే."

లేవమనే చెప్పానని నెల్దా అంటే ఆమెను వదిలేసేవాళ్లు. పిల్లలు మాత్రం బుర్రలేని గుంపుగా మిగిలేవాళ్లు.

"అవును, నేనే నేర్పాను," అంటూ ఆమె మైకోల్ పక్కన కూర్చుంది.

పోలీసులు ఆమెను రెక్కలు పట్టి ఈడ్చారు. పెనుగులాటలో ఎవరి చెయ్యో మైకోల్ భుజానికి తగిలింది. వాడు పడిపోయి కేకలు పెట్టాడు. ఆమె చేతులకప్పటికే సంకెళ్లు. దగ్గరికి పోలేకపోయింది.

పింఛను కోసం వచ్చిన జాలరి ముసలమ్మ ఒకామె కుర్చీ దిగి, వాడిని తాకకుండా జానెడు దూరంలో చతికిలబడింది.

"నాది యాభై తొమ్మిది," అంది పోలీసుతో. "ఈ పిల్లలకంటే ముందు నన్ను ఈడ్చాలి నాయనా. వరుస తప్పకూడదు."

ఆమె వెనక ఇంకొకాయన కూర్చున్నాడు. తర్వాత కడుపుతో ఉన్న ఒకావిడ.

బయట పోలీసు వ్యాను జాలీలోంచి నెల్దా చూస్తూనే ఉంది. మైకోల్ కేకలు ఇంకా ఆగలేదు. ఆఫీసు కాపలావాడు వాకిలి షట్టరు కిందికి లాగాడు. గడప మీద కూడా మనుషులు కూర్చుని ఉన్నారు. షట్టరు సగంలోనే ఆగిపోయింది.