ఆధారం ఏది?

గ్వాదలహారాలోని మా ఇంటర్నేషనల్ స్కూల్లో ఒకటి నుంచి పన్నెండు దాకా ఇంగ్లీషు చెప్పేది నేనొక్కదాన్నే. గంట కొడితే చాలు, తరగతి నుంచి తరగతికి పరుగు. నిన్న పెద్దవాళ్ల వ్యాసాలు దిద్దుతూ, వాటిలో కలిసిపోయిన ఒకటో తరగతి రెనాతా కాగితం మీద కూడా విసుగ్గా "ఆధారం ఏది?" అని రాసి ఇంటికి పంపేశాను. పాపం, "మా కుక్క అన్నిటికన్నా మంచిది" అని రాసిందంతే.

పొద్దున వెళ్తే నా కుర్చీలో బొచ్చుకుక్క! పక్కన రెనాతా.

"మిస్, తెచ్చాను!"

"అయ్యో తల్లీ, కుక్కని బడికి తెస్తారటే?"

"మీరే అడిగారట కదా! నాన్న చదివి చెప్పాడు."

పీరియడంతా ఆ కుక్క నా ఒళ్లోంచి దిగలేదు. గంట మోగగానే పన్నెండో తరగతికి ఉరికాను. వాళ్లనీ ఏడాదిగా ఆధారం అడుగుతూనే ఉన్నాను. ఒక్కరైనా తెస్తేనా!