ఒక్క ప్రశ్నా అడగని ఫారం

గిన్నెలు తోముతుంటే ముందు గదిలోంచి మా ఆయన కేకేశాడు, నా పుట్టినరోజు ఎప్పుడని. పాపను బళ్ళో చేర్చే ఫారం కంప్యూటర్లో నింపుతున్నాడు. పెళ్ళయి ఆరేళ్ళు. ఆయన చొక్కా కొలత, అత్తగారి మాత్రల వేళలు నాకు కంఠతా వచ్చు. నా పుట్టిన తేదీ మాత్రం ఆయనకు ప్రతిసారీ కొత్తే. చేతులు తుడుచుకుంటూ వెళ్ళి చెప్పాను. తెరవైపు చూసి ఆగిపోయాను. తప్పు నింపిన గడి కింద పడే ఆ సన్నటి ఎర్రగీత నాది.

ఎవరైనా ఇలాంటి ఫారాలు తేలిగ్గా తయారుచేసుకునే కోడ్ పెళ్ళికి ముందే రాయడం మొదలుపెట్టాను. ఓపెన్ సోర్స్, అంటే ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఆసుపత్రులు, బళ్ళు, ఆఫీసులు వాడుతున్నాయి. ఏదైనా చెడితే అందరూ నాకే రాస్తారు, "అన్నా, కాస్త చూడవా" అని. ఇంత పని చేసేది అన్నే అయ్యుండాలని వాళ్ళ నమ్మకం. అత్తగారు మధ్యాహ్నం కునుకు తీసే రెండు గంటల్లో కూర్చుని బాగుచేస్తాను. ఎప్పుడో ఒక్కసారి ఆ పనిలో ఉండగా కూర మాడింది. ఆ మాడు వాసన నాలుగేళ్ళయినా మా ఇంట్లో పోలేదు. మా ఆయన నా పనిని ఊరికుపకారం అంటాడు. పాప బడికెళితే ఇంట్లో చదివించాలి, ఇక ఆ కోడ్ పని ఎవరికైనా అప్పగించెయ్యమని పోయిన వారం తేల్చేశాడు. ఎప్పటిలాగే తలూపాను. తీసుకోవడానికి ఒకతను సిద్ధంగా ఉన్నాడు. ఈ సాయంత్రం ఒక్క బటన్ నొక్కితే ఎనిమిదేళ్ళ నా పని నాది కాకుండా పోతుంది.

తల్లి వృత్తి దగ్గర ఆయన నన్ను అడగలేదు. జాబితాలో "గృహిణి" నొక్కాడు. కిందున్న నా చదువు, అనుభవం, ఫోన్ నంబరు, ఆ గడులన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి.

"చూశావా, నీకెంత హాయో. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు," అని నవ్వాడు.

అలా మాయం చేసే ఏర్పాటు రాసింది నేనే. పాప కడుపులో ఉన్నప్పుడు, వాంతులకూ వంటకూ మధ్య రాశాను. జనాన్ని అనవసరమైన ప్రశ్నలతో విసిగించకూడదనుకున్నాను. ఎవరిని అడగడం అనవసరమో ఈ బడివాళ్ళు నిర్ణయించుకున్నారు. వాళ్ళనేం అనగలను? ఎవరూ పొమ్మనకముందే పక్కకు తప్పుకోవడం ఈ ఇంట్లో నేనూ చేస్తూనే ఉన్నాను కదా. ముందు సిగ్గేసింది. తర్వాత ఒళ్ళు మండింది.

"వెనక్కి వెళ్ళండి. ఉద్యోగం అని పెట్టండి," అన్నాను.

"లేని ఉద్యోగం ఎలా పెడతాను? అయినా ఇవాళ అప్పగించేస్తున్నావుగా."

"అప్పగించడం లేదు."

ఆయన నావైపు తిరిగాడు. లోపల్నుంచి అత్తగారు మంచినీళ్ళడిగారు. ఇద్దరం కదల్లేదు. ఆవిడ మళ్ళీ పిలిచారు. కాసేపటికి ఆయనే గొణుక్కుంటూ లేచి వెళ్ళాడు. ఖాళీ అయిన కుర్చీలో కూర్చుని జవాబు మార్చాను. గడులన్నీ తిరిగొచ్చాయి. అనుభవం ఎనిమిదేళ్ళని రాశాను. నా ఫోన్ నంబరు ఇచ్చాను. చివరగా, పనిచేసే చోటి చిరునామా అడిగింది ఫారం.

మా ఇంటి చిరునామాయే రాశాను.