అతిథికి పెట్టని చేపలు

చేపల లెక్క తీయడానికి మస్కట్ నుంచి వచ్చిన షంసాకు రేవు పెద్ద ఖల్ఫాన్ రోజూ ఒక తట్ట హామూర్ చేపలు పక్కన పెట్టించేవాడు. ఆమె వాటి తలలు చీల్చి, చెవుల్లో ఉండే చిన్న రాళ్లు తీసి, పలచగా కోసి, సూక్ష్మదర్శిని కింద పెట్టేది. రాతిలో ఏడాదికొక వలయం. అలా చాలా చేపల వయసు తెలిస్తే సముద్రంలో పిల్లలెన్నో పెద్దలెన్నో అంచనా దొరుకుతుంది. చేపలు పట్టే తీగ బోనుల కన్నులు, పిల్లలు తప్పించుకుపోయేలా పెద్దవి చేయాలా అక్కర్లేదా అన్నది ఆ అంచనాను బట్టే. గుడ్లు పెట్టకముందే పిల్లల్ని పట్టేస్తుంటే ఆ రేవుకు ఇక హామూర్ మిగలదు.

ఖల్ఫాన్ కూడా ఒకసారి కన్ను ఆనించి చూశాడు. పద్నాలుగు వలయాలు.

"మా చిన్నమ్మాయి ఈడుది. దానిలా ఎదురు మాత్రం చెప్పదు," అన్నాడు.

తట్టలో అన్నీ అలాంటివే. సముద్రం నిండుగా ఉందని రాయబోయిన షంసాను ఒక ప్రశ్న ఆపింది. ఇంతమంది పెద్దలున్న చోట పిల్లలు ఏమైనట్టు?

ఆ మధ్యాహ్నం ఖల్ఫాన్ ఇంట భోజనం. ఆమె పళ్లెంలో అన్నం మీద పెద్ద హామూర్ పెట్టారు. వంటగదిలో ఇంటివాళ్ల కుండలో మాత్రం అరచేయంత చేపలున్నాయి. అవీ హామూర్లే. ఎక్కడివని అడిగితే ఖల్ఫాన్ భార్య జువైనా నవ్వింది.

"మన బోనుల్లోవే. రోజూ పడేవి ఇవే కదా. ఇవి నీ ముందు పోస్తే ఊరి పరువేం కావాలి తల్లీ?"

షంసా ఖల్ఫాన్ దగ్గరికి వెళ్లి, పరీక్షకు అవి కూడా కావాలంది. ఖల్ఫాన్ ముఖం ముడుచుకున్నాడు. తమది అతిథికి పిల్లచేప చూపించే రేవు కాదన్నాడు.

"పట్టినవన్నీ చూపించమని అడక్కపోవడం నా తప్పే బాబాయ్. పిల్లల్ని లోపల కూర్చోబెట్టి తాతల్నే బయటికి పంపితే, ఊరంతా తాతలేనని రాసుకుపోతాను."

మర్నాడు పొద్దున బోనుల్లో పడ్డవన్నీ చాప మీద గుమ్మరించారు. ఖల్ఫాన్ ఆమె పక్కనే కూర్చుని ఒక్కో రాయీ చూశాడు. రెండు వలయాలు. రెండు. మూడు. మళ్లీ రెండు. పది దాటినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని.

"ఇది గుడ్లు పెట్టిందా?"

"లేదు బాబాయ్."

"ఇది?"

"అదీ లేదు."

ఆయన చాప మీంచి లేచాడు. తర్వాత పడవలవాళ్లను పిలిచి, ఈ వారంలోనే బోనుల కన్నులు పెద్దవి చేయాలన్నాడు. ఒకరిద్దరు గొణిగారు. నిన్నటిదాకా దాచమన్నది నువ్వేగా అని ఒకడు దెప్పాడు.

"నేనే," అన్నాడు ఖల్ఫాన్. "అతిథికి మంచి చేప పెట్టడం మర్యాద, అది మానొద్దు. కానీ లేమిని దాచడం మర్యాద కాదు. ఉన్నది ఉన్నట్టు చూపించని ఊరికి ఎవరి చదువూ అక్కరకు రాదు."