తలుపు మీద రొట్టె

జూన్ పన్నెండు, బళ్లు తెరిచే రోజు, పొద్దున దిబ్బరొట్టె, అల్లప్పచ్చడి తిన్నాం. నాకు బాగా గుర్తు, ఎందుకంటే ఆ రొట్టె ఇంకా సుభాషిణి చేతిలోనే ఉంది, దాని ఆవిరి కూడా పోలేదు. మేం నిలబడ్డ చోటు తుని స్టేషను వెయిటింగ్ రూములా ఉంది, కాసేపటికి మా వంటింట్లా ఉంది, బెంచీలు మాత్రం బడివే, వాటి మధ్య నుంచి వెలుతురు నీళ్లలా పారుతోంది. సుభాషిణి నా భార్య, పోయి పాతికేళ్లు దాటింది, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఎవరం పైకి అనం. ఆమెకింకా ముప్పై నిండలేదు, నాకు అరవై దాటింది, అదీ వింతగా లేదు.

"ఒరేయ్ చివరి బెంచీ, లే!" అంటుంది.

చుట్టూ చూస్తాను. నేను తప్ప ఎవరూ లేరు.

"మిమ్మల్నేనండీ. బి.ఎడ్.లో నాకొక్క పాఠం మిగిలిపోయింది కదా, పరిశీలకులు వచ్చేలోపు కానిచ్చేద్దాం."

ఆ రోజుల్లో ఆమె బడిలో పనిచేస్తూనే, ఆదివారాలు క్లాసులకు వెళ్లి చదువుకునేది. ఇంట్లో బోర్డు లేక, ప్రతి పాఠమూ ముందు వీధి తలుపు లోపలివైపు సుద్దముక్కతో గీసి, నన్ను పిల్లాణ్ణి చేసి కూర్చోబెట్టి చెప్పేది. ఇప్పుడు ఆ తలుపు ఎక్కణ్ణుంచో వచ్చి గోడ లేకుండానే నిలబడింది, ఆమె దాని రెండు రెక్కలకీ కలిపి గుండ్రంగా రొట్టె గీస్తుంది.

"మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా?"

"మూడో వంతు."

సుద్దముక్క కింద పడేస్తుంది. "ఇదిగో, ఇలాగే నా కొంప ముంచారు! అడిగీ అడగకముందే చెప్పేస్తారు. మీ దగ్గర అలవాటైపోయి బడికెళ్తే, అక్కడ ఒక్కడూ నోరెత్తడు. నాకేమో ఆగడం రాదు. నా ప్రశ్నకి నేనే జవాబు చెప్పుకొని ఇంటికొచ్చేదాన్ని."

"నీకు కష్టం కాకూడదని..."

"తెలుసు లెండి. నా క్లాసులో డిగ్రీ పాసైన పిల్లాడు మీరొక్కరే."

ఆమె నవ్వుతుంటే బెంచీలు వరండా అయిపోతాయి, కిటికీ అవతల ఆదివారం క్లాసు జరుగుతోంది, అటెండరు మా వైపు ఫ్యాను తిప్పి పెట్టి వెళ్తున్నాడు.

"సుభా, మన కోడలు చారుమతి కూడా బడిలోనే చెబుతోంది. నీలాగే పని మానకుండా బి.ఎడ్. చేయాలని ఆశ. ఆదివారాలు అబ్బాయికి డ్యూటీ. పాపని ఎవరు చూస్తారు, పెద్దదయ్యాక చూద్దాంలే మామయ్యా అంది, ఇందాక అన్నాల దగ్గర."

"మీరేమన్నారు?"

"పెరుగు వేసుకున్నాను."

"అబ్బో!"

"భయమేసింది సుభా. ఇంకా పాలు తాగే పిల్ల. ఈ వణికే చేతులతో..."

"మన వాణ్ణి ఎత్తుకుని ఈ వరండాలో కూర్చున్నది ఏ చేతులు? వాడికి అరటిపండు తినిపిస్తూ కిటికీలోంచి కనబడేవారు, అందుకే లోపల పాఠం చెవికెక్కేది. ఇల్లూ బడీ వదిలి కాలేజీలో కూర్చునే వీలు నాకెక్కడిది? వారమంతా పిల్లలు నన్నెక్కడ తికమకపెట్టారో, ఆదివారం అదే పట్టుకెళ్లి అడిగేదాన్ని. ఆ చదువు నా వీలు చూసింది కనకే టీచర్నయ్యాను. ఆ అమ్మాయి వీలు మీరు చూడాలి."

మళ్లీ సుద్దముక్క తీస్తుంది. "ఈసారి తెలియనివాడిలా ఉండండి. మూడో వంతా, నాలుగో వంతా?"

అడిగి, ఆగుతుంది. ఎంతసేపు ఆగుతుందంటే, ఒక రైలు వచ్చి, జనం దిగి, టీ తాగి, మళ్లీ ఎక్కి వెళ్లిపోతారు.

"నాలుగో వంతు," అంటాను. "మూడు కన్నా నాలుగు ఎక్కువ కదండీ టీచరుగారూ."

ఆమె మొహం వెలిగిపోతుంది. చేతిలోని రొట్టెను నెమ్మదిగా తుంచబోతుంది.

కళ్లు తెరిస్తే పడక్కుర్చీలో ఉన్నాను. ఎదురుగా చారుమతి, భుజాన నిద్రపోతున్న పాప. వీధి తలుపు రెక్కల మీద రేపటి పాఠానికి సుద్దతో గీసుకున్న రొట్టె. ఒక రెక్క తెరిచి ఉండటంతో సగం పక్కకు తిరిగిపోయింది. "మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా?" అని తలుపునే అడిగి, వెంటనే "మూడో వంతు" అని తనే చెప్పుకుంది.

"నాలుగో వంతు," అన్నాను.

ఉలిక్కిపడి తిరిగింది. "అదేంటి మామయ్యా! మీరే ఇలా అంటే ఎలా?"

"ఎందుకు కాదో నెమ్మదిగా చెప్పమ్మా. ఆదివారాలు పాప నా దగ్గరుంటుంది. నువ్వు చేరు."

చారుమతి పాపను తెచ్చి నా ఒళ్లో పడుకోబెట్టి, వెళ్లి చప్పుడు కాకుండా తలుపు వేసింది. రొట్టె ఒక్కటయింది.