నిలుపు

గ్రీష్మాంతసంధ్యారాగము ధూమగిరిశిఖరములపై ఆఱుచున్న నిప్పుకణికలవలె మినుకుమినుకుమనుచుండ గిరిగర్భనిర్గతమైన నీలధూమము లోయలనెల్ల నిండి పక్షికూజితరహితమైన యా దేశమును గొంతు నొక్కినట్లు చేసియుండెను. అచ్చట మంత్రమే ఆయుధము, మంత్రమే ఔషధము. దాహకమంత్రము పఠించిన రాయి మండును. జలమంత్రము పఠించిన ఇసుక చెమ్మగిల్లును. అయితే అన్నింటికిని ఒక్కటే కట్టడి. మంత్రవేత్త శక్తిని పిలుచును గాని అది చేయవలసిన పనిని కోరవచ్చినవారే తమ నోట ఒక్క మాటగా పలుకవలెను. ఆ శక్తికి చెవులు కలవు, మనసు లేదు.

ఆ సాయంకాలమున కోటవాకిటి కావలివాడైన గొంకన ఛాయాసర్పదష్టుడై తన గుడిసెలో పడియుండెను. విషము కాలినుండి నడుమునకును నడుమునుండి ఱొమ్మునకును నల్లని తీగవలె ప్రాకుచుండెను. ఆ యేటనే కాపురమునకు వచ్చిన యతని భార్య కామసాని తలాపున కూర్చుండి వెక్కి వెక్కి యేడ్చుచుండ అతడు నవ్వ యత్నించెను.

"ఏమే కామీ, ఆ ఏడుపు నాకోసమా, పొయ్యి మీద సంకటి కోసమా?"

"నోరు ముయ్యి. నీ యెగతాళి తగలెయ్య!" అని ఆమె అతని చేతిని ఱొమ్మున హత్తుకొనెను.

అంతలో దోనయ యను వృద్ధమంత్రవేత్త వచ్చి విషమును చూచి, విభూతి చల్లి శక్తిని పిలిచెను. గుడిసె గోడలు వణకెను.

"ఒక్క మాటే తల్లీ. ఆలోచించి చెప్పు."

ఆలోచించుటకు వ్యవధి యెక్కడిది? విషము కంఠమును తాకెను. గొంకన పెదవులు కదిలించి "కామీ, సంకటి మా" అనుచుండగనే ఆమె "నిలుపు!" అని యఱచెను.

ప్రాణము నిలుపుమని యామె మనసు. శక్తి నిలిపెను. లోపలికి పోవు శ్వాస లోపలనే, కదలు పెదవి కదలికలోనే, కంఠమును పట్టిన విషము కంఠముననే నిలిచిపోగా అర్ధోక్తివికసితమైన యా ముఖము రాతిలో చెక్కిన నవ్వువలె నుండెను.

"బతికినాడా తాతా?"

దోనయ గొంకన ముక్కుకడ చేయి పెట్టి చూచెను. "చావలేదు. బతకనూ లేదు. ఆగిపోయినాడు. నిలుపు అంటే ఆపమన్నావనుకుంది ఆ గుడ్డిది."

"నేనట్లా అనలేదే!"

"నీ మనసు నాకు తెలుసు, దానికి తెలియదు. ఇంక నీ నోట చెల్లేది ఒక్కటే మాట, విడు. ఆ మాట అంటే వీడు కదులుతాడు. వీడితోపాటు విషమూ కదులుతుంది."

విరుగుడు దొరకునేమోయని కామసాని ఆ మాట పలుకక దాచుకొనెను. ధూమగిరి చుట్టును గల మంత్రవేత్తలందఱి కాళ్లు పట్టెను. దోనయ పోయెను. ఆమె తల నెరసెను, నడుము వంగెను, చూపు మసకబాఱెను. ప్రతి ఉదయమును తడిగుడ్డతో భర్త మొగముపై దుమ్ము తుడుచుచుండెను. ఆ మొగమున మాత్రము మీసకట్టు నల్లగానే యుండెను. విరుగుడు దొరకలేదు.

తాను పోయిన పిదప ఆ మాట పలుకువారే యుండరనియు ఇతడు యుగాంతమువరకు ఇట్లే నోరు తెఱచి పడియుండుననియు ఒకనాడు ఆమెకు తోచెను. ఆ సంధ్యవేళ పొయ్యి రాజేసి సంకటి యెక్కించి అతని తలాపున కూర్చుండి మెల్లగా "విడు" అనెను.

"...డిపోతోంది చూడవే" అని గొంకన నవ్వెను. అంతట అతని చూపు ఆమెపై పడెను. నవ్వు చెదరెను.

"అవ్వా, నువ్వెవరు? మా కామి యేది?"

ఆమె ముడుతలుపడిన చేతిని కొంగుచాటున దాచుకొనెను.

"నీళ్లకు పోయింది నాయనా. ఇప్పుడే వస్తుంది."

అతడు కన్నులు వాకిటివైపు నిలిపి ప్రాణము విడిచెను.