ఎండకు వదిలిన చోటు

వన్ టౌన్‌లో రేవు గోడ పక్కన ముప్పావు ఎకరం స్థలం ఉంది. ఫెబా అందులో నలభై రెండు కానుగ చెట్లు నాటింది, కాగితం మీద. పీజీలో ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ చదువుతున్న ఆమెకు ఆ స్థలమే థీసిస్. గైడ్ ఉమాశంకర్ రెండు రివ్యూల్లోనూ వెనక్కి పంపాడు. "ఈ ఊళ్లో కరువు నీడకమ్మా. నీ డిజైన్‌లోనూ అదే కరువు" అన్నాడు. మూడో రివ్యూ సోమవారం. అదీ తప్పితే ఏడాది పోతుంది.

శుక్రవారం మధ్యాహ్నం కొలతలు మరోసారి సరిచూసుకుందామని వచ్చింది. నెత్తళ్ల చేపలు ఆరబోసిన వలల పక్కన చోటు చూసుకుని కూర్చుని, ట్రేసింగ్ కాగితాన్ని కళ్లకెదురుగా పట్టుకుంది. చెట్లకు గుర్తుగా గీసిన వలయాలు నేల మీద వాలాయి. ఎలమంచిలిలో తెల్లవారుతూనే రైలెక్కిన కళ్లు మూతలు పడ్డాయి. వలయాలు చెట్లయ్యాయి. ఆకులు కదిలాయి. ఆమె ఒక మొదలు నుంచి ఇంకో మొదలుకు నడిచింది. పాదాలు కాలలేదు. ఎక్కడో ఓడ కూసింది. రాలిన ఆకులు మెరుస్తుంటే ఒకటి తీసి చూసింది. దానికి కన్ను ఉంది.

"పాపా, ఆ కాయితం తియ్యి. నా నెత్తళ్ల మీద నీడ పడతంది."

ఫెబా ఉలిక్కిపడి లేచింది. కాగితం వల మీద పడి ఉంది. దాన్ని తీసి దులుపుతున్నది నూకాలు, ఆ చేపలు ఎండబెట్టే మనిషి.

"ఏటిది, ముగ్గా?"

"చెట్లు అప్పా. ఇక్కడ వేద్దామని."

"ఇన్నా? ఎవులి కోసం?"

"మీ కోసమే. ఎండలో మాడిపోతన్నారు కదా."

"నాను మాడితే ఏటి, ఇంటికెల్లి గంజి తాగి తొంగుంతాను. నెత్తళ్లు మాడకపోతే పురుగు పడతాది."

ఫెబా స్థలమంతా కలయజూసింది. ఈ చివర నుంచి ఆ చివరదాకా వలలే. మే నెలలో సర్వేకి వచ్చినప్పుడు ఇక్కడ ఏమీ లేదు. 'ఖాళీ స్థలం' అని రాసుకుంది. అవి చేపల వేట నిషేధం రోజులని ఆమెకు తట్టలేదు.

"అయితే నీడ వద్దా అప్పా?"

"వద్దన్నానా? సేపకి వద్దు. మాకు కావాల." నూకాలు ఉత్తరాన రోడ్డు వారగా తట్టలతో కూర్చున్న ఆడవాళ్లను చూపించింది. తర్వాత స్థలం అంచున ఉన్న కరెంటు స్తంభాన్ని చూపించింది. "దాని నీడ సూడు. ఈ కాలం పొద్దుటినుంచి సాయంత్రందాకా రోడ్డు మీదికే పడతాది. ఇటు రాదు."

"వేసవిలో వస్తుందేమో."

"వేసవిలో వేటేదీ? చదూకున్నదానివి, అదీ నానే సెప్పాల?"

ఫెబా టేపు తీసింది. సాయంత్రం నాలుగు వరకు గంటగంటకూ స్తంభం నీడ కొలిచింది. శనివారం ఉదయం ఎనిమిదికి వచ్చి మిగతావి కొలిచింది. పద్నాలుగు చెట్లు రోడ్డు వైపు అంచున ఉంచి, మిగతావి చెరిపేసింది. మధ్యలో 'ఎండ' అని రాసింది.

సోమవారం ఉమాశంకర్ షీటు అందుకుని చాలాసేపు చూశాడు.

"చెట్లు పెంచమంటే నరికేశావు. ఈ మధ్యలో ఏంటి?"

"ఎండ సార్. చేపలకి. నీడ మనుషులకి, రోడ్డు వైపు. కొలతలు వెనక ఉన్నాయి."

"ఎవరు చెప్పారు?"

"నూకాలని, అక్కడ చేపలు ఎండబెట్టేది ఆవిడే. ఆవిడ చెప్పింది, నేను కొలిచాను."

ఆయన కొలతలు చదివాడు. మేలో నీడ ఎటని అడిగాడు. స్థలం మీదికే గానీ అప్పుడు వేట ఉండదు, ఆరబోతా ఉండదని ఆమె చెప్పింది. షీటు ముక్కు దగ్గర పెట్టుకుని, "ఈ కంపు కూడా థీసిసేనా?" అన్నాడు.

"సైట్‌ది సార్."

ఆయన షీటును కిటికీకెదురుగా ఎత్తి పట్టుకున్నాడు. కాగితం మధ్యలోంచి వచ్చిన ఎండ ఆయన చొక్కా మీద పడింది. తర్వాత షీటును బల్ల మీద పరిచి, సంతకానికి పెన్ను మధ్యలో పెట్టబోయి ఆగాడు. చెయ్యి పైకి జరిపి, రోడ్డు వారన, చెట్ల కింద పెట్టాడు.